నలుగురి కోసం పట్టిన పాకం

నమస్కారం. పెళ్లయిన తర్వాత వచ్చిన మొదటి సంక్రాంతికి అత్తగారింట్లో అరిసెలు నేనే వండుతానని ముందుకు వచ్చాను. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుందని, ముదిరితే రాయిలా గట్టిపడుతుందని తెలిసినదాన్నే అయినా, హాలులో కూర్చున్న చుట్టాలు ఏమనుకుంటారోనన్న ధ్యాసలో పడి పాకం ముదరబెట్టేశాను. అందరూ నిద్రపోయాక, మిగిలిన తడిపిండి కోసం మళ్లీ పాకం పట్టి, రాత్రి రెండింటి వరకు పొయ్యి దగ్గరే ఉండిపోయాను. తెల్లవారాక మా అత్తయ్యగారు అడిగి మరీ తీసుకున్నవి ఆ గట్టి అరిసెలే. పాలలో నానబెట్టుకుని తినడం ఆవిడకు చిన్ననాటి అలవాటట.

పాల్ హెవిట్, గోర్డన్ ఫ్లెట్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1991లో పెర్ఫెక్షనిజాన్ని, అంటే అన్నీ లోపం లేకుండా ఉండి తీరాలనే పట్టుదలను, మూడు రకాలుగా విడదీసి చూపారు. మనం మన నుంచి కోరే పరిపూర్ణత ఒకటి, ఇతరుల నుంచి కోరేది మరొకటి, ఇతరులు మన నుంచి కోరుతున్నారని మనం నమ్మేది మూడోది. ఆ 'నమ్మేది' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. వీటిని కొలవడానికి వారు తయారుచేసిన ప్రశ్నావళి, ఈ మూడోదాని విషయంలో మన నమ్మకాన్నే కొలుస్తుంది. ఎదుటివారు నిజంగా ఏం కోరుతున్నారో అందులో ఎవరూ వెళ్లి వారిని అడగరు.

1989 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, బ్రిటన్ కళాశాలల్లో చదివిన 41,641 మంది విద్యార్థులు ఆ ప్రశ్నావళికి ఇచ్చిన సమాధానాలను థామస్ కరన్, ఆండ్రూ హిల్ అనే పరిశోధకులు పరిశీలించినప్పుడు మూడు రకాలూ పెరిగినట్టు తేలింది; అందులో మూడోది అన్నిటికంటే ఎక్కువగా, 33 శాతం పెరిగింది. మన విద్యార్థులు ఆ లెక్కలో లేరు. అయినా ర్యాంకుల హోర్డింగుల నీడలో పెరిగిన పిల్లలున్న ఇళ్లకు ఇది వింతగా తోచదు.

ఒత్తిడి అంతా మన ఊహేనని నేను అనను. ప్రతి పనికీ వంక పెట్టే మేనత్తలు, మార్కులు తగ్గితే మాట్లాడడం మానేసే తండ్రులు నిజంగానే ఉంటారు. అక్కడ మన చేతనైనంత ఇదీ అని ఒకసారి చెప్పి, వారి అలకను వారికే వదిలేయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. మిగిలినవారి విషయంలో మాత్రం, పని మొదలుపెట్టకముందే ఏం కావాలో నోరు తెరిచి అడగడం అలవాటు చేసుకున్నాను.

నిరుడు పండక్కి ముందు అత్తయ్యగారిని అలాగే అడిగాను. "అరిసెలు కొట్లో తెప్పించేద్దామమ్మా, ఆ నూనె పొగ నాకు మొదటినుంచీ పడదు. కొట్లోవైతే ఎలాగూ గట్టిగానే ఉంటాయి" అన్నారు. పదకొండేళ్లుగా ఆవిడ కోసమనే నేను వండుతూ వచ్చాను.