షాపులో బాగున్న మైక్ స్టేజీ మీద ఎందుకు కుయ్‌మంటుంది?

(కెమెరా ముందు కూర్చుని, చేతిలో మైక్)

వినాయక చవితి దగ్గరపడితే చాలు, బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్ళున్న ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒక స్టేజీ లేస్తుంది, సాయంత్రానికి కరోకే ట్రాకుల మీద పాటలు మొదలవుతాయి, నాకేమో మెసేజ్‌లు మొదలవుతాయి: "అన్నా, సొంత మైక్ ఒకటి కొందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావు?" చెప్తాను, దాచుకునేదేం లేదు. కానీ ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీరు పాడే చోట మానిటర్ స్పీకర్, అంటే పాడేవాళ్ళకి తమ గొంతు వినిపించడానికి వాళ్ళ వైపు తిప్పి పెట్టే స్పీకర్, ఎక్కడ పెడతారు?

ఎందుకంటే ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కౌంటర్ ముందు నిలబడి "హలో, చెక్, వన్ టూ త్రీ" అంటే ఏ మైకైనా బాగానే వినిపిస్తుంది. అక్కడ మీ కాళ్ళ ముందు మానిటర్ ఉండదు, వెనక డ్రమ్స్ ఉండవు, వాల్యూమ్ కూడా పక్క షాపువాడు వచ్చి గొడవ పడనంత వరకే పెడతారు. స్టేజీ మీద అలా కాదు. స్పీకర్లోంచి వచ్చిన మీ గొంతు మళ్ళీ మైకులో దూరి, ఆంప్లిఫైయర్‌లో ఇంకాస్త పెరిగి, మళ్ళీ స్పీకర్లోంచి వచ్చి, అలా రెప్పపాటులో తిరిగి తిరిగి కూత పెట్టేస్తుంది. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది, ఆ మైక్ ఏ వైపు నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేస్తుంది అని.

(తెర మీద: పైనుంచి చూస్తే కనిపించే మైక్ బొమ్మ, చుట్టూ గీత)

చేత్తో పట్టుకుని పాడే మైకుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. కార్డియాయిడ్ అనేది ముందు నుంచి బాగా వింటుంది, సరిగ్గా వెనక, అంటే తోక వైపు, దాదాపు ఏమీ వినదు. సూపర్‌కార్డియాయిడ్ పక్కల నుంచి వచ్చేది ఇంకా తక్కువ వింటుంది, చూడ్డానికి ఇదే మేలనిపిస్తుంది, కానీ తోక వైపు కాస్త వింటుంది. అది అస్సలు విననిది ముందు నుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర, అంటే వెనక అటూ ఇటూ మూలల్లో.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ స్టేజీ గుర్తు తెచ్చుకోండి. మైక్‌సెట్ అతను ఒకే ఒక్క మానిటర్ తెచ్చి, పాడేవాళ్ళకి ఎదురుగా నేల మీద పెట్టేసి టీకి వెళ్ళిపోతాడు. మీరేమో ఖరీదైన సూపర్‌కార్డియాయిడ్ తెచ్చారు, దాని తోక నేరుగా ఆ మానిటర్ వైపే ఉంది. ఎక్కువ డబ్బు పెట్టి కూత కొనుక్కున్నట్టే. మానిటర్‌ని కాస్త పక్కకి మూలకి జరిపించగలిగితే, లేదా రెండు మూలలా రెండు పెట్టించగలిగితే, అప్పుడు అదే మైక్ చాలా బాగుంటుంది, డ్రమ్స్ పక్కనే ఉన్న బ్యాండ్‌కైతే నేను అదే చెప్తాను. ఎవరినీ ఏమీ జరపమని అడగలేని చోట్లకి కార్డియాయిడ్ తీసుకోండి.

పేర్లు అడిగారు కదా. ష్యూర్ ఎస్ఎమ్58, 1966 నుంచి ఉన్న మైక్, కార్డియాయిడ్, దెబ్బలకి తట్టుకుంటుంది, ఏ మైక్‌సెట్ అతనికైనా దీనితో అలవాటు ఉంటుంది, అది చిన్న విషయం కాదు. సెన్‌హైజర్ ఈ835 కూడా కార్డియాయిడే. సూపర్‌కార్డియాయిడ్ కావాలంటే ష్యూర్ బీటా 58ఏ, సెన్‌హైజర్ ఈ845. ఇవన్నీ డైనమిక్ మైకులు, అంటే పనిచేయడానికి విడిగా కరెంటు అక్కర్లేనివి. కండెన్సర్ మైక్ గొంతులోని సన్నని గమకం కూడా పట్టుకుంటుంది, నిజమే, కానీ దానికి మిక్సర్ (మైకులన్నీ కలిపే సౌండ్ పెట్టె) నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైక్ కేబుల్‌లోంచే వచ్చే కరెంటు, కావాలి, చాలా పోర్టబుల్ స్పీకర్లలో అది ఉండదు, పైగా పక్కన తబలా, ముందు చప్పట్లు అన్నీ దూరిపోతాయి. మొదటి మైకుగా వద్దు.

(జాలీ విప్పి కెమెరాకి దగ్గరగా చూపించాలి)

ఇది చూడండి, ఈ లోపలి డబ్బీకి పైన ఒక తెర, కింద అంచు చుట్టూ చిన్న చిన్న సందులు. వెనక నుంచి వచ్చే శబ్దం ఈ సందుల్లోంచి కూడా లోపలికి వెళ్ళి, పై నుంచి వచ్చినదాన్ని కొట్టేస్తుంది, అందుకే తోక వైపు వినదు. స్టైల్‌గా ఉంటుందని జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఈ సందులు మూసుకుపోతాయి, మైక్ అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది, ఇక కూతే కూత. పిడి దగ్గర పట్టుకోండి. ఇంకొకటి, చరణానికి ముందు మ్యూజిక్ వస్తున్నప్పుడు చాలామంది చెయ్యి కిందికి దించేస్తారు, అప్పుడు మైక్ తల నేరుగా మానిటర్‌ని చూస్తుంది. ఛాతీకి ఆనించి పెట్టుకోండి.

దూరం సంగతి. పెదవులకీ జాలీకీ మధ్య ఒకటి రెండు అంగుళాలు. రెండు నాలుగైతే మైకుకి అందేది సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, మైక్‌సెట్ అతను అంత మేర గెయిన్ (మైక్ నుంచి వచ్చేదాన్ని పెంచే నాబ్) పెంచాలి, పెంచితే మళ్ళీ అదే గోల. దగ్గరైతే ఈ రకం మైకుల్లో బాస్ పెరుగుతుంది, సన్నని గొంతుకి అది కలిసొస్తుంది, లావు గొంతైతే మాట ముద్దగా వినిపిస్తుంది, అలాంటప్పుడు మిక్సర్‌లో లో-కట్ బటన్ నొక్కమనండి, 80 లేదా 100 హెర్ట్జ్ కింద ఉన్నది తగ్గిపోతుంది. ప, ఫ, భ దగ్గర టప్‌మంటుంటే మైక్‌ని నోటికి నేరుగా కాకుండా కాస్త ఓరగా పట్టుకోండి.

స్విచ్ ఉన్న మోడల్ యాంకర్లకి ఓకే, పాడేవాళ్ళకి నేను చెప్పను, పల్లవి ఎత్తుకునే టెన్షన్‌లో బొటనవేలు ఎక్కడుందో ఎవరు చూస్తారు! కేబుల్ రెండు వైపులా ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి కనెక్టర్) ఉన్నది కొనండి. ఒక వైపు పి-38 జాక్ (గిటార్‌కి పెట్టే లావు పిన్ను) ఉన్నదైతే వైరు పొడవు పెరిగేకొద్దీ జనరేటరూ సీరియల్ లైట్ల హమ్మింగ్ అంతా మోసుకొస్తుంది.

వీలైతే కొనే ముందు గంటల లెక్కన అద్దెకిచ్చే ప్రాక్టీస్ రూమ్‌కి వెళ్ళి, అక్కడున్న మైకులతో మానిటర్ పెట్టించుకుని పాడి చూడండి, షాపులో తెలియనిది అక్కడ పది నిమిషాల్లో తెలుస్తుంది. కొనేది మాత్రం అధీకృత డీలరు దగ్గరే, బిల్లుతో. ఎస్ఎమ్58కి నకిలీలు బోలెడు, అసలుది 298 గ్రాములు, వంటింటి త్రాసు మీద పెట్టి చూడండి. తేలిపోతే అనుమానమే, బరువు సరిపోయిందని మాత్రం నమ్మేయకండి.

ఒకే మైక్‌లో పదిమంది పాడితే ఆ జాలీని మర్నాడు విప్పి సబ్బునీళ్ళతో కడగండి, లోపలి డబ్బీకి మాత్రం తడి తగలనివ్వకండి. పూర్తిగా ఆరాకే బిగించండి.