ఏ కాగితం మీద వెళ్తున్నావమ్మా?

(తెనాలిలో ఒక మహిళా డిగ్రీ కళాశాల పూర్వ విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, నాకు ఇదే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మా మేడమ్ గారికి, అక్కచెల్లెళ్ళకి, ముందు వరసల్లో కూర్చున్న ఫైనలియర్ పిల్లలకి, వాళ్ళతో వచ్చిన అమ్మానాన్నలకి నమస్కారం. వేదిక మీద పేరుపేరునా చెప్పాల్సిన పెద్దలు చాలామంది ఉన్నారు. ఇచ్చిన టైము తక్కువ కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం.

ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘విదేశాల్లో తెలుగు మహిళల విజయాలు’ అని వేశారు. దాని మీదే రాసుకొచ్చాను. అయితే పొద్దున హాస్టల్ మెట్ల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపి, “మేడమ్, నాకు సంబంధం కుదిరింది. అబ్బాయి అమెరికాలోనే పుట్టాడు, అక్కడి సిటిజన్. పెళ్ళయ్యాక ఎన్ని రోజుల్లో వెళ్ళొచ్చు?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వాళ్ళమ్మగారు, “సిటిజనే కదండీ, నెలలో వెళ్ళిపోతుంది” అన్నారు. విజయాల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఆ తల్లికి చెప్పాల్సిన జవాబు ఈ హాల్లో చాలామందికి పనికొస్తుంది.

నేను లాయర్ని కాదు. టెక్సాస్‌లో స్కూలు పిల్లలకి సైన్సు చెప్పే టీచర్ని. పెళ్ళి చేసుకునే అమెరికా వెళ్ళాను. శనివారాలు మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో, కొత్తగా కాపరానికొచ్చిన మన ఆడపిల్లలకి తెలిసింది చెబుతుంటాను. పదిహేనేళ్ళుగా వింటున్న మాటలే ఇవాళ చెబుతున్నాను.

సిటిజన్ భార్య నెలలో వెళ్ళదమ్మా. భార్యని రప్పించుకోవడానికి భర్త ముందు ఐ-130 అనే పిటిషన్ వేయాలి. అది ఆమోదమయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది. అక్కడ ఫీజులు, ఫారాలు, పోలీసు క్లియరెన్స్. తర్వాత మెడికల్, టీకాలు, ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ కూడా నానక్‌రామ్‌గూడలో ఉన్న మన హైదరాబాద్ కాన్సులేట్‌లో కాదు, మనవాళ్ళలో చాలామంది ముంబై వెళ్ళాలి. అన్నీ సజావుగా జరిగినా ఏడాది దాటడం మామూలు. పిటిషన్ నడుస్తుండగా టూరిస్టు వీసా మీద వెళ్ళొద్దామంటే, అక్కడే ఉండిపోతుందన్న అనుమానంతో ఇవ్వకపోవడమే ఎక్కువ. కాబట్టి పెళ్ళయిన వారానికి అబ్బాయి విమానం ఎక్కుతాడు, అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది. ఇరుగుపొరుగు “ఇంకా వెళ్ళలేదా?” అని మొదలుపెడతారు. ఆ ఏడాదిలో ఆ పిల్ల పడే టెన్షన్ చాలావరకు ఆ ప్రశ్న వల్లే. దయచేసి అలా అడగకండి. ఆలస్యం ఫైలుది, కాపరానిది కాదు.

అబ్బాయి హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉంటే లెక్క తిరగబడుతుంది. భార్యకి హెచ్-4 అనే వీసా మామూలుగా అంతకంటే త్వరగా వస్తుంది, హైదరాబాద్‌లోనే స్టాంపింగ్. కానీ వెళ్ళిన వెంటనే ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 భార్యలకి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. అదీ భర్త గ్రీన్‌కార్డు దారిలో కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం దాకా వచ్చి ఉండాలి, లేదా హెచ్-1బి ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉండాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడి భార్యకి ఆ అవకాశం ఉండదు. అబ్బాయి గ్రీన్‌కార్డు హోల్డర్ అయితే అది మూడో రకం. ఎఫ్2ఏ అనే కేటగిరీలో ఏటా ఇన్నే అని పరిమితి ఉంది, వంతు వచ్చేదాకా ఆగాలి. సిటిజన్ భార్యకి ఆ పరిమితి లేదు. ఆమె ఆలస్యంగా వెళ్తుంది గానీ దిగిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు.

చూశారా, మూడు సంబంధాలూ బయటికి ‘అమెరికా సంబంధమే’. లోపల మూడు వేరు వేరు జీవితాలు. నా బాధంతా ఇక్కడే. జాతకాలు చూస్తాం. జీతం ఎంత, ఇల్లు కొన్నాడా, కారేంటి, తాగుతాడా, అన్నీ ఆరా తీస్తాం. మా బాబాయి కొడుకు ఆ ఊళ్ళోనే ఉన్నాడు, కనుక్కోమని ఫోన్లు చేయిస్తాం. “మా అమ్మాయి ఏ వీసా మీద వస్తుంది, దాని మీద ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?” అని ఒక్కరూ అడగరు. అడిగితే అబ్బాయివాళ్ళు ఏమనుకుంటారోనని మొహమాటం. లక్షలు పోసి కల్యాణమండపం మాట్లాడేటప్పుడు లేని మొహమాటం దీనికెందుకు? తండ్రులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. పొలం కొనేటప్పుడు ఈసీ తీయించకుండా అడ్వాన్స్ ఇస్తారా? కూతురి విషయంలో ఆ మాత్రం అడగొద్దూ?

రెండో సంగతి, చదువు. మీలో బీడీఎస్ చేసినవాళ్ళ అక్కలు ఉంటారు. అక్కడ దంతవైద్యం చేయాలంటే చాలా రాష్ట్రాల్లో మళ్ళీ అక్కడి డెంటల్ కాలేజీలో రెండు మూడేళ్ళు చదవాలి, ఆ ఫీజు చిన్నది కాదు. ఎంబీబీఎస్ అయితే యూఎస్ఎంఎల్ఈ అనే లైసెన్సు పరీక్షలు, ఆపైన రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ. నర్సింగ్ అయితే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్. నాకు ఇక్కడి ఎమ్మెస్సీ, బీఈడీ ఉన్నా మార్కుల లిస్టులు మదింపు చేయించుకుని, రాష్ట్రం పెట్టిన పరీక్షలు రాశాకే క్లాసులోకి రానిచ్చారు. కాబట్టి ఒరిజినల్ సర్టిఫికెట్లు, సీల్డ్ కవర్లో ట్రాన్స్‌క్రిప్టులు వెళ్ళేముందే యూనివర్సిటీ నుంచి తీసుకోండి. అక్కడికెళ్ళాక నాగార్జున యూనివర్సిటీ చుట్టూ నాన్నగారిని తిప్పడం కష్టం.

డ్రైవింగ్ గురించి, ఒంటరితనం గురించి, వంట గురించి కూడా రాసుకొచ్చాను. అవి సర్దుకుంటాయి. మావారు ఆదివారాలు ఖాళీ పార్కింగ్‌లో ఓపికగా నేర్పితే నాకు కారు వచ్చింది. మంచి మనిషి తోడుంటే మిగతావి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చాలా సంసారాలు అలా బాగానే సాగుతున్నాయి, అది కూడా చెప్పాలి.

అలా సాగని ఒక సంసారం గురించి చెప్పకుండా నేను ఈ ఊరు విడిచి వెళ్ళలేను.

మన జిల్లా పిల్లే. ఇంజనీరింగ్ చదివింది. భర్త సిటిజన్. నిరుడు ఎండాకాలం లైబ్రరీకి చంటిబిడ్డని స్ట్రోలర్లో తోసుకుంటూ నడిచొచ్చేది. మా ఊళ్ళో ఆ ఎండకి ఎవరూ నడవరు. మొహమంతా కందిపోయి, బాటిల్లో నీళ్ళు అయిపోయి ఉండేవి. పిల్లల కథల క్లాసయ్యాక ఒకరోజు మెల్లిగా అడిగింది, “ఆంటీ, గ్రీన్‌కార్డు పోస్టులో రావడానికి రెండేళ్ళు పడుతుందా?” అని.

నాకు గుండె ఆగినంత పనైంది. అక్కడి అపార్ట్‌మెంట్లలో పోస్టు ఇంటి గుమ్మానికి రాదు. గేటు దగ్గర ఇనుప పెట్టెల వరస ఉంటుంది, ఒక్కో ఇంటికి ఒక్కో అర, ఒక్కో తాళంచెవి. ఆ చెవి భర్త కారు తాళాల గుత్తిలో ఉండేది. కార్డు వచ్చింది. సోషల్ సెక్యూరిటీ కార్డూ వచ్చింది. రెండూ అత్తగారి బీరువాలోకి వెళ్ళాయి. ఈ పిల్లకి “ఇంకా రాలేదు, ఆఫీసులో లేటు” అని చెబుతూ వచ్చారు. పాస్‌పోర్టు కూడా భద్రంగా ఉంటుందని తీసుకున్నారు. కార్డు లేదు కాబట్టి ఉద్యోగం లేదు, బ్యాంకు అకౌంటు లేదు, డ్రైవింగ్ లైసెన్సు లేదు. చట్టం ఆమెకి మొదటి రోజే ఇచ్చిన హక్కుని ఒక చిన్న తాళంచెవితో ఆపేశారు.

ఇంకో ప్రమాదం ఉంది, అది ఆమెకి తెలియదు. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ళ షరతుల కార్డు. దొంగ పెళ్ళిళ్ళు ఆపడానికని 1986లో తెచ్చిన చట్టం అది. గడువు తీరడానికి ముందు తొంభై రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఆ షరతు తీసేయమని ఐ-751 అనే దరఖాస్తు వేయాలి. వేయకపోతే ఆమె హోదా పోతుంది. ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకుంటే ఇంకా కొద్ది వారాలే ఉంది.

అమెరికా ఇమ్మిగ్రేషన్ ఫైళ్ళలో ఆమెకున్న నంబరు, ఏ-నంబరు అంటారు, అది ఎలా తెలిసిందో వినండి. శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు వాళ్ళ నాన్నగారు పాస్‌పోర్టులో వీసా పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నారు. ఇంటికెళ్ళి బంధువులకి చూపిద్దామని, అంతే. ఆ ఫొటో ఆయన వాట్సాప్‌లో అలాగే ఉంది. ఇండియాలో తెల్లవారుజామున ఫోన్ చేసి లేపితే, కళ్ళజోడు వెతుక్కుని, పాత మెసేజీలన్నీ వెనక్కి జరిపి పంపించారు. దాని మీద ఆమె ఏ-నంబరు ఉంది. ఉచితంగా కేసులు చూసే న్యాయ సహాయ సంస్థ లాయరమ్మకి ఆ నంబరు చాలింది. పిల్ల పేరు మీద కార్డు ఎప్పుడో తయారై వెళ్ళిందని తేలింది.

ఇంట్లో అడిగితే భర్త, “నేను సంతకం పెట్టకపోతే నువ్వు ఇండియా పోవాల్సిందే” అన్నాడట. అది నిజం కాదు. అమ్మాయిలూ, ఈ ఒక్క ముక్క రాసుకోండి. విడాకులైనా, హింస ఉన్నా, పెళ్ళి నిజమైన పెళ్ళేనని చూపించగలిగితే ఆ ఐ-751 భార్య ఒక్కతే వేసుకోవచ్చు. షరతుల కార్డు కూడా రాకముందే హింస మొదలైతే 1994 నాటి చట్టం ప్రకారం సిటిజన్ భార్యయినా, గ్రీన్‌కార్డు హోల్డర్ భార్యయినా తనంతట తానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంగతి అధికారులు భర్తకి చెప్పకూడదని కూడా చట్టంలోనే ఉంది. హెచ్-4 మీద వెళ్ళిన పిల్లకి మాత్రం ఈ దారులు లేవు. విడాకులైతే ఆ హోదా కూడా పోతుంది. అందుకే ఏ వీసా అని ముందే అడగమంటున్నాను.

ఆ పిల్ల పెళ్ళి నిజమైనదని ఏం చూపించాం? మంగళస్నానం ఫొటోలు, తలంబ్రాల ఫొటోలు, రెండు కుటుంబాలూ వరసగా నిలబడిన ఫొటోలు, బిడ్డ బర్త్ సర్టిఫికెట్, ఇద్దరి పేరు మీదున్న అద్దె ఒప్పందం, ఆ ఏడాదంతా ఇక్కడి నుంచి అతనికి పంపిన మెసేజీలు. గడువులోపే పంపాం. రసీదు వచ్చింది, దాంతో కార్డు గడువు పొడిగింది. ఇప్పుడు ఒక క్లినిక్ బిల్లింగ్ విభాగంలో పనిచేస్తోంది. అద్దె తనే కట్టుకుంటోంది. పోస్టు పెట్టె చెవి తన బ్యాగులోనే ఉంది.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. ఇంకో రెండు నిమిషాలు, మేడమ్.

స్పాన్సర్ చేసే భర్త ఐ-864 అని ఒక పత్రం మీద సంతకం పెడతాడు. అది మామూలు ఫారం కాదు, అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం. పేదరికపు రేఖకి 125 శాతం స్థాయిలో భార్యని పోషిస్తానని అందులో ఒప్పుకుంటాడు. విడాకులతో అది రద్దు కాదు. ఆమె సిటిజన్ అయ్యేదాకా, లేదా దాదాపు పదేళ్ళ పని ఆమె ఖాతాలో జమయ్యేదాకా ఆ బాధ్యత ఉంటుంది. మన పిల్లల్లో చాలామందికి అలాంటి పత్రం ఉందనే తెలియదు. ఒక కాపీ అడిగి తీసుకుని పుట్టింట్లో పెట్టండి. “నమ్మకం లేదా?” అని అడుగుతారు. నమ్మకం ఉన్నచోట కాపీ ఇవ్వడానికి అడ్డమేముంటుంది?

పెద్దవాళ్ళకి ఒక మాట. అక్కడి కోర్టులో విడాకులు తీసేసుకున్నాడని కాగితం వస్తే ఇక అయిపోయిందని కూర్చోకండి. తిరుపతిలో పెళ్ళయిన ఒక జంట కేసులో, భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు ఇచ్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టుకి లోబడకుండా ఉన్నప్పుడు ఇచ్చిన డిక్రీకి ఇక్కడ గుర్తింపు లేదని చెప్పింది. కాబట్టి లాయరుకి చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్ళిళ్ళ కోసం ప్రత్యేక విభాగం ఉంది, అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఇలాంటి పెళ్ళిళ్ళకి సమగ్రమైన చట్టం కావాలని లా కమిషన్ 2024లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ఆ చట్టం ఎప్పుడని మన ఎంపీలని అడగండి. ఓట్లకి వచ్చినప్పుడు అడగండి.

అమెరికన్ అబ్బాయిని ప్రేమించి చేసుకుంటామన్న పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ళని కోప్పడటానికి రాలేదు. ఇక్కడే పెళ్ళి చేసుకుంటే స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నెల రోజుల నోటీసు ఉంటుంది. అబ్బాయి వారం సెలవు మీద వస్తే కుదరదు, ముందే చూసుకోండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కెమిస్ట్రీ ల్యాబ్‌లో కూర్చుంటాను. సంబంధం కుదిరినవాళ్ళు, వీసా నడుస్తున్నవాళ్ళు అమ్మానాన్నలతో సహా రండి. టెన్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్ మూడూ తెండి. మన ఇంటిపేర్లు ఒకదాంట్లో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా, మూడోదాంట్లో చివర ఉంటాయి. ముంబైలో ఫైలు ఆగేది ఎక్కువగా అక్కడే. ఈరోజే సరిచూసుకుంటే దిద్దించుకోవడానికి టైము ఉంటుంది. ఎంతసేపైనా ఉంటాను, నా రైలు రాత్రికి.