చేపల పులుసు తిన్న రాత్రి

శ్రోతలకు నమస్కారం.

మా నెల్లూరు చేపల పులుసు వండిన పూట కంటే మర్నాడే రుచి. మామిడికాయ పులుపంతా ముక్కకు పట్టి, నూనె పైకి తేలి ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు ఆ పులుసుతో రెండు మార్లు అన్నం కలుపుకొని, పదింటికల్లా నడుం వాల్చే మా మేనత్త అర్ధరాత్రి లేచి కూర్చునేది. గుండెల్లో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు. "కడుపులో పులుపు ఎక్కువైందిరా" అనేది.

ఎక్కువ కావాల్సిన పని లేదు. ఈ బాధ ఉన్న చాలామంది కడుపులో ఆమ్లం మామూలుగానే ఊరుతుంది. ఆ మామూలే గట్టిది. పులుపును కొలిచే అంకె పీహెచ్; అది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. పరగడుపున కడుపులో ఆమ్లం పీహెచ్ 2కు అటూ ఇటూగా ఉంటుంది. పొదలకూరు నిమ్మకాయ పిండినా ఇంచుమించు అంతే పులుపు. కడుపు లోపలి గోడకు జిగురు పొర కాపు ఉంది కనుక మండదు. అన్నవాహికకు అంతటి కాపు లేదు.

రెంటికీ మధ్య సంచి మూతికి కట్టిన తాడులా ఒక కండరం ఉంటుంది. మింగినప్పుడు వదులై, వెంటనే బిగుసుకోవాలి. పొట్ట నిండుగా సాగినప్పుడు అది మింగకపోయినా వదులవుతూ ఉంటుంది. అప్పుడు పడుకుంటే ఏమవుతుందో చెప్పాలా? ఊబకాయం, గర్భం, పొగ తాగడం కూడా ఆ బిగువును దెబ్బతీస్తాయి.

మరి ఒమెప్రజోల్ మాత్రతో ఎందుకు తగ్గుతుంది? అది మూతిని బిగించదు. పొంగే ద్రవంలో పులుపు తగ్గిస్తుంది, అంతే. దాన్ని భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. మనవాళ్లు తేన్పులు మొదలయ్యాక వెతుక్కుంటారు. ఆమ్లం తక్కువైతేనే మంట వస్తుందని, వెనిగర్ తాగమని ఫోన్లలో తిరిగే సలహాకు రుజువు లేదు. ఒరిసిన చోట పులుపు పోయడమెందుకు?

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే గ్యాస్ అనుకొని ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. ముద్ద దిగకపోయినా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వచ్చినా డాక్టరుకు చూపించండి.

అత్త పులుసు మానలేదు, మధ్యాహ్నానికి మార్చింది. రాత్రి తిన్నాక మూడు గంటలు మేలుకొని, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకుంది. మంచం తలవైపు కోళ్ల కింద జానెడు ఎత్తున ఇటుకలు పెట్టించింది. దిండ్లు పేరిస్తే నడుం మడతపడి పొట్ట మరింత నొక్కుకుంటుంది. తెల్లారేసరికి కాళ్లవైపు జారిపోతున్నానని మామయ్య గోల. ఇప్పుడు ఆ గదిలో రెండు మంచాలున్నాయి.