ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కామా

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మరగొంతు గురించి మాట్లాడుకుందాం. మర మాట్లాడే గొంతు, ఆ గొంతుతో కవిత్వం, దాన్ని పదిమంది ముందు అప్పటికప్పుడు వాయించడం. అవును, వాయించడమే.

1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా టెలిఫోన్ పరిశోధనశాల వాళ్లు ఒక యంత్రం పెట్టారు. పేరు వోడర్. తయారుచేసింది హోమర్ డడ్లీ. దాని ముందు ఒక అమ్మాయి కూర్చునేది, మనింట్లో హార్మోనియం ముందు కూర్చున్నట్టు. మణికట్టు కింద ఒక పట్టీ. దాంతో 'జుమ్' మనే నాదం కావాలా, 'స్స్' మనే గాలి కావాలా ఎంచుకోవాలి. పది వేళ్ల కింద మీటలు. అవి ఆ నాదాన్ని అచ్చులుగా, హల్లులుగా మలుస్తాయి. స్వరం పెరగాలన్నా తగ్గాలన్నా కాలి కింద పెడల్. టేపు లేదు, రికార్డు లేదు. ప్రతి అక్షరం ఆమె వేళ్ల నుంచే రావాలి. ఆ వాద్యం పట్టుబడటానికి దాదాపు ఏడాది సాధన చేయాల్సి వచ్చేదట.

అక్కడ చూపించిన ఒక ముచ్చట నాకు ప్రాణం. మూడే ఇంగ్లిష్ మాటలు: షీ సా మీ. ఆమె నన్ను చూసింది. నిన్ను ఎవరు చూశారు అని అడిగితే, యంత్రం 'ఆమె' మీద ఒత్తిపెట్టి చెప్పేది. ఆమె ఎవరిని చూసింది అంటే, 'నన్ను' మీద ఒత్తు. చూసిందా, విన్నదా అంటే, 'చూసింది' మీద ఒత్తు. మాటలు అవే. బరువు మారింది, అర్థం మారింది. ఆ బరువు యంత్రానికి తెలియదు. పెడల్ మీద ఉన్న ఆ అమ్మాయి పాదానికి తెలుసు.

తర్వాత చాలా జరిగింది. 1961లో అదే బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్ పాట పాడింది. 1972లో చార్లెస్ డాడ్జ్ అనే అమెరికన్ స్వరకర్త కవితల్ని కంప్యూటర్ గొంతుతో సంగీతం చేశాడు. మన దేశంలోనూ, అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో, 1969 నాటికే మూగ్ సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం, మోగింది.

ఇప్పుడు మన దేవరకొండ దిక్కు వద్దాం. పోయినేడు అక్కడొక బడి వార్షికోత్సవానికి పిల్లలతో కూర్చున్నాను. పదో తరగతి పిల్ల ఒక లైను రాసుకొచ్చింది:

"బోరు ఎండె, బాయి ఎండె, అవ్వ కన్ను ఎండలే."

ఫోన్లో టైపు చేసి చదివించింది. ఫోను గడగడా చదివేసింది, బస్టాండులో బస్సుల పేర్లు చెప్పినట్టు. బోరుకీ అవ్వ కన్నుకీ ఒకటే బరువు. పిల్ల మొహం చిన్నబోయింది.

"నువ్వే ఒకసారి చదువు బిడ్డా" అన్నాను. చదివింది. 'అవ్వ కన్ను' దగ్గర ఆగింది, గొంతు దించింది, అప్పుడు 'ఎండలే' అన్నది. సరిగ్గా అక్కడే ఒక కామా పెట్టించాను. లైనును మూడు ముక్కలు చేసి, సెట్టింగుల్లో చదివే వేగం ఒక్కో ముక్కకు మార్చుకున్నాం. మొదటి రెండూ మామూలుగా, మూడోది బాగా నిదానంగా. స్పీకర్లో ముక్క తర్వాత ముక్క ఆమే నొక్కుతుంటే, పక్కన ఒక పిలగాడు డప్పు మీద సన్నగా వేస్తున్నాడు. 'అవ్వ కన్ను' అని మరగొంతు ఆగేసరికి వాడి పుల్ల కూడా ఆగింది. వాడికి ఎవరూ చెప్పలేదు. "అక్కా, మళ్లొక్కసారి" అన్నాడు.

మీ పిల్లలు ఇట్లాంటిది చేస్తామంటే ఖరీదైన పరికరాలేవీ కొనకండి. ముందు కవితను వాళ్ల నోటితో వాళ్లనే చదవమనండి. మన యాసలో పలికింది యాసలోనే రాయమనండి. 'లేదు' అని దిద్దితే మర 'లేదు' అనే అంటుంది, ఆ పిల్ల 'ఎండలే' పోతుంది. ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కామా. గొంతు ఎక్కడ దిగితే అక్కడ ముక్క వేరు, వేగం వేరు. ఇంకో మాట: ఫోను దగ్గర మైకు పట్టుకోవద్దు, గరగరమంటది. వైరుతో స్పీకరుకు కలపండి.

నమస్కారం.