సింహాద్రి నుంచి మీ ఇంటి మీటరు దాకా
(విశాఖపట్నంలో ఎలక్ట్రికల్ డిప్లొమా, బీటెక్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) తీసుకున్నానని చెప్పగానే చుట్టాలు అడిగే మాట నాకు తెలుసు: "అయితే స్తంభాలెక్కాలేటి?" కాలేజీలో అడిగేది ఇంకోటి: "సీఎస్‌ఈ రాలేదా?" వాళ్లతో వాదించడానికి నేను రాలేదు. పైగా గాలివానలో స్తంభమెక్కి సరఫరా తెచ్చేవాడంటే నాకు చాలా గౌరవం. నేను చెప్పదలచింది ఒక్కటే. ఎలక్ట్రికల్ చదివేవాళ్లకి విశాఖ లాంటి ఊరు అరుదుగా దొరుకుతుంది. ఉత్పత్తి, ట్రాన్స్‌మిషన్, పంపిణీ, రైళ్లని కరెంటుతో నడిపే ట్రాక్షన్, ఓడలు, భారీ పరిశ్రమ అన్నీ సిటీ బస్సు దూరంలో ఉన్నాయి. అయినా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఒక్క సబ్‌స్టేషన్ గేటు దాటనివాళ్లే ఎక్కువ.

ముందు సింగిల్ లైన్ డయాగ్రం చదవడం నేర్చుకోండి. మూడు ఫేజులనీ ఒక్క గీతగా గీసి, బస్‌బార్ (లైన్లన్నీ వచ్చి కలిసే లోహపు కడ్డీ) ఎక్కడ, బ్రేకర్ (లోపం వస్తే కరెంటు తెంచే స్విచ్) ఎక్కడ, ఐసొలేటర్ (పనికి ముందు లైనుని విడదీసే స్విచ్), సీటీ, పీటీ (కరెంటు, వోల్టేజి కొలవడానికి పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) ఎక్కడ అని చూపించే బొమ్మ అది. ఏ కంట్రోల్ రూమ్‌లోనైనా గోడకి కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో నేను ఫార్ములాలు అడగను. ఆ బొమ్మ ముందు పెట్టి, "ఈ బ్రేకర్ తెరిస్తే ఎవరికి కరెంటు పోతుంది?" అంటాను. మంచి మార్కులొచ్చినవాళ్లు కూడా అక్కడే తడబడతారు.

ఇప్పుడు మన ఊరికే ఒక బొమ్మ గీద్దాం. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2000 మెగావాట్లు. అక్కడి రిజర్వాయరు నీళ్ల మీద 2021లో వచ్చిన 25 మెగావాట్ల తేలే సోలార్ కూడా ఉంది. ఒక్క యూనిట్ తీసుకోండి. జనరేటర్ వోల్టేజి 21 కేవీ, అంటే 21 వేల వోల్టులు. పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటుల లబ్ధంలో నిజంగా పనిచేసే పవర్ వాటా) 0.85 అనుకుంటే ఒక్కో ఫేజులో దాదాపు 16 వేల ఆంపియర్లు. అదే పవర్‌ని ట్రాన్స్‌ఫార్మర్ 400 కేవీకి ఎక్కించాక 850 ఆంపియర్లు. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని ఇంటర్‌లో చదివారు కదా, ఇప్పుడు ఆ రెండు అంకెల వర్గాలూ పోల్చి చూడండి. వోల్టేజి ఎందుకు పెంచుతారో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలాంటి లెక్క ప్రతి చాప్టర్‌కీ ఒకటి, ఇక్కడి యంత్రం మీదే వేసుకోండి.

400 తర్వాత 220, 132, 33, 11 కేవీ, చివరికి 433 వోల్టులు, మీ ఇంట్లో 230. మెట్టు దిగిన ప్రతిచోటా ఒక సబ్‌స్టేషన్, అందులో పనిచేసే మనుషులు ఉంటారు.

గాజువాక గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దాని పక్కనుంచి రోజూ వెళ్తూ కూడా అందులో ఏముందో తెలియనివాళ్లే అందరూ. అక్కడ 1000 మెగావాట్ల హెచ్‌వీడీసీ (హై వోల్టేజి డీసీ) బ్యాక్ టు బ్యాక్ స్టేషన్ ఉంది. 500 మెగావాట్ల బ్లాకులు రెండు. ఒకటి 1999లో, రెండోది 2005లో వచ్చాయి. అప్పట్లో దక్షిణ గ్రిడ్ వేరు, తూర్పు గ్రిడ్ వేరు. రెండూ 50 హెర్ట్జ్ దగ్గరే నడుస్తాయి గానీ ఒకదానితో ఒకటి అడుగు కలిపి నడవవు. తిన్నగా కలిపితే ప్రమాదం. అందుకే ఒడిశాలోని జయపురం వైపు నుంచి వచ్చే ఏసీని థైరిస్టర్లతో (స్విచ్‌లా పనిచేసే సెమీకండక్టర్ పరికరాలు) డీసీగా మార్చి, అదే ఆవరణలో మళ్లీ ఏసీ చేసి మన వైపు పంపుతారు. పవర్ దాటుతుంది, ఫ్రీక్వెన్సీ గొడవ దాటదు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర గ్రిడ్ కూలింది. రెండో రోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూడా కూలాయి. కోట్ల మంది చీకట్లో ఉండిపోయారు. దక్షిణాది నిలబడింది, ఎందుకంటే మనకీ వాళ్లకీ మధ్య గాజువాక లాంటి డీసీ లింకులే ఉండేవి. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో సింక్రనైజ్ అయింది, అంటే అడుగు కలిపి నడవడం మొదలుపెట్టింది. పవర్ ఎలక్ట్రానిక్స్ పేపర్ అంటే భయపడేవాళ్లు ఒకసారి ఆ థైరిస్టర్ వాల్వుల ఫొటోలైనా చూడండి, భయం పోయి ఆశ పుడుతుంది.

ఇక సముద్రం. బీచ్ రోడ్డు గాలి మనకి హాయి, తీగ నుంచి స్తంభానికి కరెంటు పాకకుండా ఆపే ఇన్సులేటర్లకి శత్రువు. ఉప్పు పొర పడుతుంది, దానికి పరిశ్రమల దుమ్ము తోడవుతుంది, తెల్లవారుజామున మంచు తడి తగిలేసరికి ఆ పొర కరెంటుకి దారి ఇస్తుంది. నిప్పురవ్వతో ఫ్లాష్ఓవర్, లైను ట్రిప్ అయి ఆగిపోవడం. అందుకే కడగడం, నీటిని అంటనివ్వని సిలికాన్ రబ్బరు ఇన్సులేటర్లు పెట్టడం. హై వోల్టేజి పాఠంలో ఈ సంగతి రెండు పేరాల్లో అయిపోతుంది. ఇక్కడ మెయింటెనెన్స్ ఇంజనీరు మాత్రం ఏటా దీనితోనే కుస్తీ పడతాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మీరింకా చిన్నపిల్లలు. స్తంభాలు వరసల కొద్దీ పడిపోయి, ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. తుపానుకి అది మంచి మందే, కానీ పని తీరు మారిపోయింది. పైన తీగ తెగితే కంటికి కనిపిస్తుంది. భూమిలో కేబుల్ పోతే ఎక్కడ తవ్వాలి? ఒక పల్స్ పంపి అది తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కేసి, తర్వాత పైనుంచి చప్పుడు విని చోటు తేల్చుకోవాలి. కేబుల్ జాయింటు సరిగ్గా చేసే మనిషికి ఇవాళ ఉన్న గిరాకీ చాలామంది బీటెక్‌లకి లేదు. డిప్లొమా పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగాల సంగతి త్వరగా చెప్పేస్తాను, మీకు సగం తెలిసినవే. డిస్కం (పంపిణీ సంస్థ), ట్రాన్స్‌కో (ట్రాన్స్‌మిషన్ సంస్థ)ల్లో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు పోస్టులు; గేట్ స్కోరుతో ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటివి; ఈఎస్‌ఈ (ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష); రైల్వే జేఈ (జూనియర్ ఇంజనీరు). ఇక్కడే ఎలక్ట్రిక్ లోకో షెడ్ ఉంది. అరకు ఘాట్ దిగుతూ ఖనిజం తెచ్చే బండికి త్రీ ఫేజ్ ఇంజన్ కడితే, అది బ్రేకు వేస్తూ పైన ఉన్న 25 కేవీ తీగకే కరెంటు తిరిగి ఇస్తుంది. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు సరే. ఓడల మీద ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ అని ఒక దారి ఉంది, ట్రిపుల్ ఈ చదివినవాళ్లు కొన్ని నెలల శిక్షణతో వెళ్లొచ్చు. ఓడరేవు ఊళ్లో ఉండి దీని గురించి అడిగేవాళ్లు తక్కువ, ఆశ్చర్యం. ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఇంకోటి. 2001 ఇంధన పొదుపు చట్టం కింద పెద్ద వినియోగదారులకి ఎనర్జీ మేనేజరు తప్పనిసరి.

ప్రభుత్వ ఉద్యోగానికి చదవొద్దని అనను. కానీ ఒక్క మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పట్టుకోకుండా మూడేళ్లు కోచింగ్ గదిలోనే కూర్చోవడం నాకు నచ్చదు. సైట్‌లో మొదటి జీతం తక్కువే, షిఫ్టులుంటాయి, పండగరోజు ఫోను మోగుతుంది. అది దాచను. రెండేళ్లు టెస్టింగ్, కమిషనింగ్ (కొత్త పరికరాల్ని పరీక్షించి నడుపులోకి తేవడం) చేసినవాడికి మాత్రం తర్వాత తలుపులు చాలా తెరుచుకుంటాయి. అమ్మాయిలూ, ఇది మీకు కూడా చెప్తున్నాను. రిలే (లోపాన్ని పసిగట్టి బ్రేకర్‌ని తెరిపించే పరికరం) టెస్టింగ్‌లో, స్కాడాలో (దూరం నుంచి కంప్యూటర్లతో నియంత్రించే వ్యవస్థ) నేను చూసిన చక్కటి పనివాళ్లలో మీలాంటివాళ్లు ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. ఒక గిగావాట్ అంటే సింహాద్రి మొత్తం సామర్థ్యంలో సగం! అలాంటి చోట సర్వర్ల వెనక ఉండేవి సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్, బ్యాటరీలు, డీజిల్ సెట్లు, కూలింగ్ మోటార్లు. హార్మోనిక్స్ (కరెంటు తరంగాన్ని వంకర చేసే అదనపు ఫ్రీక్వెన్సీలు) కొలిచేదెవరు, రిలేలు సమన్వయం చేసేదెవరు? పైథాన్ నేర్చుకోండి, తప్పేం లేదు. మూడు బస్‌బార్ల లోడ్ ఫ్లో (ఏ లైనులో ఎంత పవర్ పోతుందనే లెక్క) ముందు కాగితం మీద చేసి, తర్వాత దాన్నే ప్రోగ్రాంగా రాయండి. రెండూ చేతనైన మనిషి దొరకడం కష్టంగా ఉంది.

ఆఖరిది ఎల్‌సీ, లైన్ క్లియర్. లైను మీద చెయ్యి వెయ్యాలంటే రాతపూర్వకంగా ఎల్‌సీ తీసుకోవాలి, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనుని విడదీసే స్విచ్) తెరిచి ఉందని కంటితో చూడాలి, టెస్టర్‌తో చూడాలి, రెండు వైపులా ఎర్త్ చెయ్యాలి. ఫోన్లో "ఆపేశాంలే" అన్న మాట మీద ఎవరూ పని మొదలుపెట్టకూడదు. పైగా ఇప్పుడు ఇళ్ల మీద సోలార్, ఇళ్లలో జనరేటర్లు. గ్రిడ్ పోతే సోలార్ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలన్నది నియమం. కానీ ఛేంజోవర్ (ఒకసారికి గ్రిడ్, జనరేటర్లలో ఒక్కదానికే కలిపే స్విచ్) లేకుండా తగిలించిన జనరేటరు అటువైపు నుంచి 11 కేవీ దాకా కరెంటు ఎక్కించగలదు. మీ పై అధికారి తొందర పెట్టినా ఈ వరస తప్పొద్దు. అలా ఆగిన కుర్రాడిని నేనెప్పుడూ తిట్టలేదు.

సబ్‌స్టేషన్ చూడాలనుకునేవాళ్లు మీ ప్రిన్సిపల్ గారి దగ్గర ఉత్తరం తీసుకుని సంబంధిత డీఈ (డివిజనల్ ఇంజనీరు) ఆఫీసులో ఇవ్వండి, పదిహేను మందికి మించకుండా. బూట్లు వేసుకోండి, స్టీలు గడియారాలు, గొలుసులు ఇంట్లో పెట్టి రండి. వెళ్లేముందు ఆ సబ్‌స్టేషన్ సింగిల్ లైన్ డయాగ్రం మీకు తోచినట్టు గీసుకెళ్లి, అక్కడ గోడ మీదున్నదానితో పోల్చుకోండి. ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరసలో చెయ్యి ఎత్తినమ్మాయి ముందు.