రవ్వలా కరిగే మంచు: సిసిలీ గ్రనీతా

హోస్ట్: నమస్కారం. ఇవాళ ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో చేసే చల్లటి తీపి వంటకం, గ్రనీతా గురించి మాట్లాడుకుందాం. చెఫ్ గారూ, ఫొటో చూడగానే చాలామంది "ఇది మన ఐస్ గోలాయే కదా" అనేస్తారు.

చెఫ్: కాదండీ. గోలాకి ఐస్ గడ్డని చెక్కి, పైన షర్బత్ పోస్తారు. రోమ్‌లో గ్రత్తాకెక్కా పేరుతో అమ్మేది అలాంటిదే. గ్రనీతాలో నీళ్లు, పంచదార, రసం ముందే కలిసిపోతాయి. ఆ పానకాన్నే కదుపుతూ గడ్డకట్టిస్తారు. అందుకే ఆఖరి చెంచా దాకా ఒకే రుచి. గోలాని రెండుసార్లు పీల్చేసరికి తెల్ల ఐసే మిగులుతుంది.

హోస్ట్: ఫ్రిజ్‌లు లేని రోజుల్లో, అంత ఎండ కాసే దీవిలో మంచు ఎక్కడిది?

చెఫ్: ఎత్నా కొండది. 3,300 మీటర్ల పైచిలుకు ఎత్తు. చలికాలంలో నివరోలి అనే పనివాళ్లు మంచు పోగుచేసి, గుహల్లో, రాతి గోతుల్లో గట్టిగా తొక్కి, పైన ఆకులు, గడ్డి కప్పేవారు. ఎండాకాలంలో కిందికి దించేవారు. మొదట్లో ఆ మంచునే తురిమి పళ్లరసం కలుపుకునేవారు. తర్వాత పొత్సెత్తో వచ్చింది. చెక్క తొట్టి, అందులో జింకు డబ్బా, రెండింటి మధ్య మంచూ ఉప్పూ. ఉప్పు తగిలిన మంచు కరుగుతూనే సున్నా కంటే బాగా కిందికి చల్లబడుతుంది, డబ్బాలో పానకం గడ్డకడుతుంది. కుల్ఫీ కుండలో ఉప్పు వేసేదీ ఇందుకే.

హోస్ట్: ఇంట్లో నిమ్మ గ్రనీతాకి కొలతలు చెప్పండి.

చెఫ్: నీళ్లు అర లీటరు, పంచదార 140 గ్రాములు, పెద్ద పసుపు నిమ్మకాయల రసం 125 మిల్లీలీటర్లు. మన చిన్న నిమ్మకాయ పులుపెక్కువ, 90తో మొదలుపెట్టి రుచి చూసుకోండి. సగం నీళ్లు వేడిచేసి పంచదార కరిగించి, మిగతా నీళ్లు కలిపి, పూర్తిగా చల్లారాకే రసం పోయండి. వేడి మీద పోస్తే నిమ్మ వాసన పోతుంది. ఈ దశలో తీపి కాస్త ఎక్కువనిపించాలి, చల్లదనంలో నాలుకకి తీపి తగ్గి తెలుస్తుంది.

హోస్ట్: పంచదార ఇంకా తగ్గించొచ్చా? చాలామంది అడిగేది ఇదే.

చెఫ్: తగ్గిస్తే రాయి అవుతుంది. గడ్డ మరీ బిగుసుకోకుండా ఆపేది పంచదారే. అలాగని మరీ ఎక్కువ వేస్తే సరిగ్గా గడ్డకట్టక జావలా ఉండిపోతుంది.

వెడల్పాటి స్టీలు పళ్లెంలో రెండు వేళ్ల లోతు మించకుండా పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. ముప్పావు గంటకి అంచులు గట్టిపడతాయి. ఫోర్కుతో ఆ అంచుల్ని గీకి మధ్యలోకి లాగండి. ఆపైన ప్రతి అరగంటకీ ఇదే పని, నాలుగైదు సార్లు. కదపకుండా వదిలేస్తే నీళ్లు ముందు అంచున గడ్డకట్టి, తీపంతా మధ్యకి చేరుతుంది. పైన చప్పిడి గడ్డ, లోపల చిక్కటి పానకం! రాత్రంతా మర్చిపోతే పావుగంట బయట పెట్టి, గీకి, మిక్సీలో ఐదు సెకన్లు తిప్పండి, అంతకు మించొద్దు.

హోస్ట్: సిసిలీ అంతా ఒకటే రకమా?

చెఫ్: తూర్పున, అంటే కతానియా, మెస్సీనా వైపు, బాగా తిప్పి చేస్తారు కాబట్టి మెత్తగా, దాదాపు వెన్నలా ఉంటుంది. పళ్లెంలో చేసినది కొంచెం రవ్వగా ఉంటుంది. కతానియాలో బాదం, పిస్తా, నల్ల మల్బరీ. మెస్సీనాలో కాఫీది, పైన గిలకొట్టిన క్రీమ్. పొద్దున టిఫినే అదండీ, పక్కన బ్రియోష్ అనే మెత్తటి బన్నుతో. బన్ను మీద చిన్న ఉండ ఉంటుంది, దాన్ని తుప్పో అంటారు, అంటే జుట్టు కొప్పు. ముందు కొప్పు తుంచి ముంచుకుంటారు.

హోస్ట్: బాదంది మనకి సులువే కదా?

చెఫ్: సులువే. నానబెట్టి తొక్క తీసిన 100 గ్రాముల బాదం, అర లీటరు నీళ్లు, 90 గ్రాముల పంచదార. బాదం నీళ్లతో మెత్తగా రుబ్బి పల్చటి గుడ్డలో పిండి, ఆ పాలల్లో పంచదార కరిగించి, నిమ్మదానిలాగే గీకుతూ గడ్డకట్టించండి. పిప్పి మిగిలితే నాలుకకి ఇసుకలా తగులుతుంది. చిటికెడు ఉప్పు వేయండి, కుంకుమపువ్వు, ఏలకులు మాత్రం వద్దు. బాదం రుచి ఒక్కటే నిలబడాలి.