పేపర్లు లేని ల్యాబ్ (లాబ్రడార్) కుక్కకి పేపర్లు వస్తాయా?

(కొబ్బరి తోట. చేతిలో ఒక ముదురు కాయ.)

నమస్కారం అండి. ఈ కాయ చూడండి. బొద్దుగా ఉంది, ఊపితే లోపల నీళ్లు గలగలమంటున్నాయి. దీన్ని మొలకెత్తించి మొక్క చేసి అమ్మితే మీరు కొంటారా? మన కోనసీమ రైతు మాత్రం ముందు ఒకటే అడుగుతాడు: "ఏ చెట్టు కాయండీ ఇది?"

కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న ఎవరూ అడగట్లేదు. మొహం చూసి, కాళ్లు చూసి "ఒరిజినల్ ల్యాబ్" అని తెచ్చేసుకుంటున్నారు. ఏడాది పోయాక నాకు ఫోన్ చేసి, "పేపర్లు లేవండీ, ఎవరికైనా చెప్పి చేయించండి" అంటున్నారు. వారానికి ఒక్కరైనా అడుగుతారు. అందుకే ఈ వీడియో.

పేపర్లంటే కుక్క అందానికి ఇచ్చే సర్టిఫికెట్ కాదండి, అది వంశవృక్షం. చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, అదే మనం కేసీఐ అంటాం, ఆ కాగితంలో తల్లి, తండ్రి, వాళ్ల పెద్దలు, అలా మూడు తరాల పేర్లు రాస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడ నమోదై ఉంటేనే ఆ ఈత పిల్లలకి పేపర్లు వస్తాయి. మీ కుక్క ఎంత బాగున్నా, దాని తాత ఎవరో ఇప్పుడు కూర్చుని రాయడం ఎవరి వల్లా కాదు.

మన కొబ్బరే చూడండి. పొడుగు రకం చెట్టుకి పుప్పొడి పక్క తోట నుంచైనా వచ్చేస్తుంది. విత్తన కాయ కోసిన రైతుకి తల్లి చెట్టు తెలుస్తుంది గానీ తండ్రి చెట్టు తెలియదు. మరి అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ల గోదావరి గంగ కొబ్బరి సంగతేంటి? అది తూర్పు కోస్తా పొడుగు రకాన్నీ, గంగాబొండం అనే పొట్టి రకాన్నీ కలిపి చేసిన సంకరం. తల్లి చెట్టు పొత్తిలో మగపూలు తీసేసి, కావలసిన పుప్పొడి మాత్రమే అందేలా చూస్తేనే అది గోదావరి గంగ. అక్కడ తల్లీ తెలుసు, తండ్రీ తెలుసు. పేపర్లున్న పప్పీ అంటే అదన్నమాట.

అయితే పేపర్లు లేని కుక్కకి దారే లేదా? ఉందండి. కేసీఐ గుర్తింపు ఉన్న డాగ్ షోకి తీసుకెళ్తే జడ్జి దాన్ని పరీక్షిస్తారు. తల, పళ్లు, తోక, బొచ్చు, నడక అన్నీ చూసి, ఆ జాతి లక్షణాలు ఉన్నాయని ఒప్పుకుంటే, వంశం తెలియని కుక్కగా నమోదు చేస్తారు. మైక్రోచిప్ కూడా ఉండాలి. అది వడ్లగింజంత ఉంటుంది, రెండు భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. రీడర్ దగ్గర పెడితే చిన్న కూత వచ్చి 15 అంకెల నంబరు కనబడుతుంది. పెద్దల వివరాలు ఖాళీగానే ఉంటాయి. వంశం ఈ కుక్కతోనే మొదలు. పేపర్లు లేవని మీ కుక్కకొచ్చిన లోటేమీ లేదండి. ఇంట్లో పెంచుకోవడానికైతే ఇవేవీ అక్కర్లేదు.

పేపర్లు అడిగినవాళ్లలో చాలామంది వెంటనే అడిగే రెండో మాట ఉంది. నాకు నిజంగా కోపం తెప్పించేది అదే. "పది నెలలు వచ్చాయి, హీట్‌కి వచ్చింది, క్రాసింగ్ చేయిస్తే మంచిది కదా?"

మంచిది కాదు. మొదటి హీట్, అంటే మొదటిసారి ఎదకి రావడం, పిల్లల్ని కనడానికి తయారైపోయిందని కాదు, ఇంకా ఎదుగుతోందని. ఒక ఈత పెట్టాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలన్న మాట కూడా తప్పు, వైద్యంలో అలాంటి నియమమేదీ లేదు.

పోయినేడు రావులపాలెం అవతల ఒక ఇంట్లో చూశాను. పశువుల పాకలో గోనెసంచి మీద ఏడాది కూడా నిండని ల్యాబ్, చుట్టూ ఏడు పిల్లలు. వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. పిల్లలు పాలకి పాకుతుంటే లేచి మూలకి వెళ్లి పడుకుంది. నోట్లో తెగిన రబ్బరు చెప్పు. అది ఇంకా ఆడుకునే వయసే కదండీ!

కొత్తగా కాపుకొచ్చిన చెట్టు మొదటి గెల నుంచి మనవాళ్లు విత్తన కాయ తీయరు. ఏళ్ల తరబడి నిలకడగా కాసిన చెట్టునే ఎంచుకుని, గెలకి తాడు కట్టి జాగ్రత్తగా కిందికి దింపుతారు. కాయకి చూపే ఆ ఓపిక కుక్కకి చూపలేమా?

చట్టం కూడా అదే చెబుతోంది. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. 18 నెలలు నిండకుండా ఆడదాన్ని గానీ మగదాన్ని గానీ జతకట్టించకూడదు. అప్పుడైనా పశువైద్యుడు ఆరోగ్యంగా ఉందని ముందే ధ్రువీకరించాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆడకుక్కకి ఏడాదికి ఒక్క ఈతే, జీవితంలో ఐదుకి మించకూడదు. 8 ఏళ్లు దాటాక అస్సలు వద్దు. పిల్లల్ని 8 వారాలు నిండాకే అమ్మాలి. అమ్ముకునేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. కేసీఐ పేపరు ఆ నమోదు కాదండోయ్, అది వేరు, ఇది వేరు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్‌లకి తుంటి కీలు జబ్బు వంశంలో వస్తుంది కాబట్టి, రెండేళ్లు వచ్చాక ఎక్స్‌రే తీయించి చూసుకున్నాకే జత వెతకండి. అన్నాచెల్లెళ్లని కట్టించొద్దు.

షోకి వెళ్లేవాళ్లు ఫారం, ఫీజు ఎంతో కేసీఐ వెబ్‌సైట్‌లో ఆ వారమే చూసుకోండి, మారుతుంటాయి. చిప్ నంబరు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. టీకా కార్డు మర్చిపోకండి.